ఐదువేల రూపాయలు ఇచ్చినవాళ్ళు

ఆఫ్ఘన్ స్త్రీల సంఘం ‘రావా’ గురించి చదివినప్పుడల్లా నాకు మన గోదావరి జిల్లాల చరిత్రలోంచి ఒక పాత పద్దు గుర్తుకొస్తుంది. ఐదువేల రూపాయల పద్దు. కాబూలెక్కడ, కాకినాడెక్కడ అనుకోవచ్చు. దేశం వేరు, మతం వేరు, కాలం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ రావా పుట్టినప్పటి నుంచీ అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది. ఆడవాళ్ళ పేరు మీద మాట్లాడుతున్నది ఎవరు, ఆ మాట్లాడే చోట ఆ ఆడవాళ్ళు ఉన్నారా అని. ఆ ప్రశ్నను చేతబట్టుకుని మన డెల్టా స్త్రీల ఉద్యమ చరిత్రను మళ్ళీ చదివితే, మనం గర్వంగా చెప్పుకునే పేర్ల పక్కనే కొన్ని ఖాళీలు కనిపిస్తాయి. ఈ వ్యాసం ఆ ఖాళీల గురించి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు అన్న కార్యక్రమం అక్కడే ఖాయమైంది. అక్కణ్ణుంచి గాంధీజీ కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి నిండా పన్నెండేళ్ళు లేవు. ఊళ్ళో ఉన్న దేవదాసీ స్త్రీలు, పరదా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీజీ మాట వినాలని ఆ పిల్ల పట్టుబట్టింది. ఆయనకు క్షణం తీరిక లేదని, 5,000 రూపాయల నిధి సమకూరిస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామని స్థానిక నాయకులు అన్నారట. దుర్గాబాయి దేవదాసీ స్త్రీల దగ్గరికి వెళ్ళి చెబితే, ఆ డబ్బు తాము సమకూరుస్తామని వాళ్ళు ముందుకొచ్చారు. సమకూర్చారు కూడా. ఒక పాఠశాల ఆవరణలో సభ జరిగింది. వెయ్యి మందికి పైగా స్త్రీలు వచ్చారు. ఐదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంట పైనే ఉండిపోయారు. ఆడవాళ్ళు ఒంటిమీది గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. ఇదంతా దుర్గాబాయి తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి. మన పిల్లల పుస్తకాల్లో, రేడియో ప్రసంగాల్లో, శతజయంతి సంచికల్లో ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతే.

గాంధీజీ కూడా కాకినాడను గుర్తుపెట్టుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో ‘యంగ్ ఇండియా’లో ఈ స్త్రీల గురించి రాస్తూ, వాళ్ళను తాను మొట్టమొదట కలిసింది కాకినాడలోనేనన్నారు. కానీ ఆయన లెక్క వేరు. అక్కడ కలిసింది అరడజను మందిని, అదీ కొద్ది క్షణాలు మాత్రమేనని రాశారు. తర్వాత బరిసాల్‌లో వంద మందికి పైగా కలిశారని, వాళ్ళతోనే తీరిగ్గా మాట్లాడానని చెప్పారు.

వెయ్యి మందా, అరడజను మందా? వచ్చిన వెయ్యి మందీ దేవదాసీలు కారు కాబట్టి రెండు లెక్కలూ నిజమయ్యే వీలుంది. సభ వేరు, విడిగా కలిసి మాట్లాడడం వేరు కావచ్చు. ఆ తేడా తేల్చడం నా పని కాదు. నాకు పట్టింపుగా ఉన్నది మరో విషయం. ఒక సంఘటనకు రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి పెద్ద నాయకుడిది, మరొకటి తర్వాత పెద్ద నాయకురాలైన అమ్మాయిది. డబ్బు కూడబెట్టిన స్త్రీల సాక్ష్యం మాత్రం లేదు. ఆ రోజు వాళ్ళు ఏం విన్నారు, ఏం అడిగారు, ఇంటికెళ్ళి ఏమనుకున్నారు? స్వరాజ్య నిధి లెక్కల్లో వాళ్ళ రూపాయలు చేరాయి. చరిత్రలో వాళ్ళ మాట చేరలేదు.

*

ఇది ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే అర్ధ శతాబ్దం వెనక్కి వెళ్ళాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట వరి వచ్చింది, వరి వెంట డబ్బొచ్చింది. ఆ డబ్బు చాలా చోట్లకు పోయినట్టే మేళాలకూ పోయింది. కళావంతుల మేళం లేని పెళ్ళి చిన్నతనంగా ఉండేది. జమీందార్ల దివాణాల్లో, భూస్వాముల లోగిళ్ళలో మేజువాణీలు, దేవాలయాల్లో సేవలు, వాటికి మాన్యాలు. ఆ స్త్రీలకు చదువుంది. తెలుగు, కొంత సంస్కృతం, క్షేత్రయ్య పదాలు, జావళీలు, వాటిని అభినయించే విద్య ఉన్నాయి. కొందరికి సొంత ఆస్తి ఉంది, వంశం ఆడపిల్లల వైపునుంచి నడిచేది. అదే సమయంలో పిల్లలకు ఊహ తెలియకముందే కన్నెరికం ఉంది, ధనవంతుడి దయ మీద ఆధారపడిన బతుకుంది. ఈ రెండో సగాన్ని దాచి మొదటి సగాన్ని మాత్రమే మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగే మొదటి సగాన్ని చెరిపేయడమూ ఇష్టం లేదు.

సంసారి స్త్రీలకు చదువు ఎందుకు నిషిద్ధమైంది? చదివే ఆడది, పాడే ఆడది అంటే కళావంతుల స్త్రీయే అన్న ముద్ర సమాజంలో ఉంది కాబట్టి. 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినప్పుడు ఎదుర్కోవలసిన మొదటి అనుమానం ఇదే. అక్షరం నేర్చినంత మాత్రాన కుటుంబ స్త్రీ చెడిపోదని నమ్మించాలి. ఆ నమ్మకం కలిగించడానికి సంస్కర్తలు ఎంచుకున్న దారి ఒక గీత గీయడం. ఇటు చదువుకున్న ఇల్లాలు, అటు మేళపు స్త్రీ. అదే ఏడాది మొదలైన ‘వివేకవర్ధని’ పత్రిక ఒక పక్క స్త్రీ విద్యను సమర్థిస్తూ, మరో పక్క వేశ్యా సంపర్కాన్ని ఎండగట్టింది. మొదటిదానికి రెండోది పూచీకత్తులా పనిచేసింది.

వీరేశలింగం చేసిన పనిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడం ఎంత సాహసమో మనకు తెలుసు. వంటవాళ్ళు రానంటే రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి ఆ పెళ్ళికి వండి పెట్టింది. సంఘం వెలేసినప్పుడు ఆ వెలి భారం మోసింది వంటింట్లో ఉన్న ఆవిడే. ఆ దంపతులు లేకపోతే మన తల్లుల చదువు మరో ముప్ఫై ఏళ్ళు వెనకబడేది. కానీ ఆ చదువుకు పునాది వేసినప్పుడే కొందరు స్త్రీలు గడప బయట ఉండిపోయారన్నదీ నిజమే.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1883లో వీరేశలింగం ‘సతీహితబోధిని’ పెట్టారు. అది స్త్రీల కోసం మగవాళ్ళు నడిపిన పత్రిక. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య ప్రారంభించిన ‘హిందూ సుందరి’ క్రమంగా స్త్రీల సంపాదకత్వంలోకి, కాకినాడకు వచ్చింది. కాకినాడలోనే పులుగుర్త లక్ష్మీనరసమాంబ ‘సావిత్రి’ పత్రిక నడిపారు, శ్రీ విద్యార్థినీ సమాజం స్థాపించారు. ఆవిడ వితంతు వివాహాన్ని వ్యతిరేకించారు. స్త్రీ తన పత్రికలో తన అభిప్రాయం తాను రాసుకుంటే అది సంస్కర్తకు నచ్చినదే కావాలని లేదు కదా. ఇరవయ్యేళ్ళలో ‘స్త్రీలకు హితం చెప్పే’ పత్రికల నుంచి ‘స్త్రీలు వాదించుకునే’ పత్రికలకు చేరాం. అది చిన్న దూరం కాదు.

*

1922లో దువ్వూరి సుబ్బమ్మగారు జైలుకెళ్ళారు. ద్రాక్షారామంలో 1880లో పుట్టిన స్త్రీ, చిన్నతనంలోనే పెళ్ళి, చిన్నతనంలోనే వైధవ్యం. సంస్కృతాంధ్రాలు చదువుకుని, ఊరూరా తిరిగి వేలమంది ముందు సహాయ నిరాకరణ గురించి మాట్లాడింది. ఏడాది శిక్ష వేశారు. క్షమాపణ చెబితే వదిలేస్తామంటే ససేమిరా అంది. రాజకీయ కారణాలతో జైలుకెళ్ళిన తొలి ఆంధ్ర మహిళగా చరిత్రలో నిలిచింది. విడుదలయ్యాక రాజమండ్రిలో స్త్రీలకోసం విద్యాలయం నడిపింది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో మళ్ళీ జైలుకెళ్ళింది. ‘దేశబాంధవి’ అని జనం పిలుచుకున్నారు.

వెంట్రుకలు తీసేసి ఒక మూల కూర్చోబెట్టే వితంతువు నలుగురి మధ్యకు వచ్చి ఉపన్యాసం ఇవ్వడం ఆ రోజుల్లో భూకంపమే. కానీ అది సాధ్యమైన పద్ధతిని కూడా గమనించాలి. వితంతువు కాబట్టి, భక్తురాలు కాబట్టి, దేశం పేరుతో వచ్చింది కాబట్టి ఆమె ఒంటరిగా తిరిగినా సమాజం వేలెత్తి చూపలేకపోయింది. జాతీయోద్యమం స్త్రీకి వీధిని ఇచ్చింది, వీధిలో నడవడానికి ఒక వేషాన్ని కూడా ఇచ్చింది. ఖద్దరు, సీత, సావిత్రి, త్యాగం. ఆ వేషం సరిపోయినవాళ్ళు నాయకురాళ్ళయ్యారు. సరిపోనివాళ్ళు చందాదారులుగా మిగిలారు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 1925లో బరిసాల్‌లో ఆ వృత్తిలోని స్త్రీలు సంఘంగా ఏర్పడి కాంగ్రెస్ పనిలో చేరినప్పుడు గాంధీజీ దాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఆ బతుకు వదిలేశాకే దేశసేవ అన్నారు. 1921లో డబ్బు తీసుకోవడానికి ఆ షరతు అడ్డు రాలేదు. సభ్యత్వం దగ్గరికి వచ్చేసరికి అడ్డొచ్చింది.

దుర్గాబాయిని ఇక్కడ ప్రత్యేకంగా చూడాలి. ఎనిమిదేళ్ళకు చేసిన పెళ్ళిని పెద్దయ్యాక కాదనుకుంది. 1923 చివర్లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలో ప్రదర్శనశాల ద్వారం దగ్గర టికెట్టు లేదని నెహ్రూనే ఆపింది. కాకినాడలో బాలికల హిందీ పాఠశాల నడిపింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయింది. జైలు నుంచి వచ్చాక మెట్రిక్ నుంచి మొదలుపెట్టి లా దాకా చదివింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేసింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. ఈ పనులన్నిటికీ ముందు, పదకొండేళ్ళ వయసులో, పెద్దవాళ్ళెవరూ పిలవని స్త్రీలను సభకు పిలిచింది. అది ఆమె గొప్పతనం. ఆ పిలుపును నిలబెట్టే వ్యవస్థ ఆ ఉద్యమంలో లేకపోవడం ఆమె లోపం కాదు.

*

సభలో వినపడని గొంతు పుస్తకంలో వినపడింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను పరిష్కరించి అచ్చువేయించింది. పళని 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి, నాగరత్నమ్మ గాయని. ఇద్దరూ దేవదాసీ స్త్రీలు. వీరేశలింగం తన ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో పళని కవిత్వాన్ని బూతుగా కొట్టిపారేశారు. శృంగారం రాసిన మగకవులను నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఆడది రాస్తేనే ఎందుకు సిగ్గుపడుతున్నారని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీసింది. రాజమండ్రి సంస్కర్తను ఒక దేవదాసీ స్త్రీ అచ్చులో సమాధానం అడిగిన సందర్భం అది. మన స్త్రీవాద విమర్శకు అది తొలి పుట అని నేను అనుకుంటాను. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది.

1927లో ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ విధానం రద్దు కోసం తీర్మానం తెచ్చినప్పుడు మద్రాసులో దేవదాసీ స్త్రీలు సంఘంగా ఏర్పడి విజ్ఞాపనలు ఇచ్చారు. వాళ్ళు అడిగిన వాటిలో ముఖ్యమైనది చదువు. మమ్మల్ని నేరస్థుల్లా చూడకండి, మాకు విద్య చెప్పించండి, మా కళను నిలబెట్టుకునే దారి చూపండి అన్నారు. ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి ఆ కులంలో పుట్టిన మనిషే. తెలుగు నాట యామినీ పూర్ణతిలకం అదే కులంలో పుట్టి, సంస్కరణ వైపు నిలబడి, మద్రాసులో స్త్రీలకోసం శరణాలయం నడిపింది. కాబట్టి ఆ కులపు స్త్రీలందరిదీ ఒకే మాట అనడానికి లేదు. వాళ్ళలోనూ వాదన ఉంది. ఏ సజీవమైన స్త్రీల ఉద్యమంలోనైనా ఉండవలసినట్టే ఉంది. అయితే ఆ వాదన చట్టసభ గడప దాటి లోపలికి పోలేదు.

1947లో రెండు సంగతులు జరిగాయి. ‘రాధికా సాంత్వనము’ మీద నిషేధాన్ని ప్రకాశం పంతులు ప్రభుత్వం తొలగించింది. అదే ఏడాది, ఆయన పదవి దిగాక, దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. పుస్తకానికి విడుదల, ఆ పుస్తకం పుట్టిన వృత్తికి తాళం. ఆడపిల్లలను చిన్నప్పుడే ముడిపెట్టే ఆచారం పోవాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ 1956లో చట్టాన్ని సవరించి వేడుకల్లో మేళాలను కూడా నిషేధించినప్పుడు, పాడుకుని ఆడుకుని బతికే స్త్రీలకు బదులుగా ఏం చూపారు? సేవా మాన్యాలున్నవాళ్ళకు 1929 నాటి చట్టం వల్ల భూమి దక్కే వీలు కలిగింది. దేవాలయంతో సంబంధం లేకుండా మేజువాణీలతో బతికిన వాళ్ళకు ఆ వీలూ లేదు.

ఆ తర్వాత గోదావరి డెల్టాలో జరిగింది మనలో చాలామందికి తెలియదు, మన ఊళ్ళ మధ్యనే జరిగినా. దవేష్ సోనేజీ 2012లో వచ్చిన తన పుస్తకంలో దాన్ని నమోదు చేశాడు. ఆ కుటుంబాల్లోని పెద్ద వయసు స్త్రీలు తలుపులు వేసుకుని, తమలో తాము, పాత పదాలు, జావళీలు పాడుకుంటూ అభినయిస్తూ వచ్చారు. జనం ముందు ఆడితే నేరం, పిల్లలకు నేర్పితే మళ్ళీ ఆ ముద్ర. కాబట్టి మూసిన తలుపుల వెనక, మరిచిపోకుండా ఉండడానికి.

*

మూసిన తలుపుల వెనక అన్నప్పుడే నాకు రావా గుర్తుకొచ్చేది.

1977లో కాబూల్‌లో మీనా అనే విద్యార్థిని ఇంకా ఇరవై రెండేళ్ళు నిండకముందే కొద్దిమంది స్నేహితురాళ్ళతో ఆఫ్ఘనిస్తాన్ విప్లవ మహిళా సంఘాన్ని ప్రారంభించింది. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలే రావా. రెండేళ్ళకు సోవియట్ సేనలు దిగాయి. సోవియట్ ప్రభుత్వం, దాని కాబూల్ పాలకులు స్త్రీ విముక్తి తామే తెచ్చామన్నారు. వాళ్ళతో పోరాడే ముజాహిదీన్లు స్త్రీల మానాన్ని కాపాడుతున్నామన్నారు. రావా ఇద్దరినీ కాదంది. 1981లో ‘పయామ్-ఎ-జన్’ పత్రిక పెట్టింది. ఆ పేరుకు అర్థం స్త్రీ సందేశం. పాకిస్తాన్‌లోని క్వెట్టాలో శరణార్థుల మధ్య బడులు, ఆసుపత్రి నడిపింది. 1987 ఫిబ్రవరి 4న మీనాను క్వెట్టాలో హత్య చేశారు. సంఘం ఆగలేదు.

1996లో తాలిబాన్ కాబూల్‌ను పట్టుకున్నాక రావా సభ్యులు ఇళ్ళలో రహస్యంగా తరగతులు నడిపారు. ఒకరొకరుగా పిల్లలు వచ్చేవాళ్ళు, ఒకరొకరుగా వెళ్ళేవాళ్ళు. 1999 నవంబరు 16న కాబూల్ స్టేడియంలో జర్మీనా అనే తల్లిని జనం ముందు కాల్చి చంపినప్పుడు, బురఖా లోపల దాచిన కెమెరాతో రావా స్త్రీలు దాన్ని చిత్రించారు. తమను కనపడకుండా చేయడానికి కప్పిన గుడ్డనే లోకానికి చూపించడానికి వాడుకున్నారు.

2001లో అమెరికా ఆఫ్ఘనిస్తాన్ మీద బాంబులు వేసింది. ఆ నవంబరులోనే అమెరికా అధ్యక్షుడి భార్య రేడియోలో ఆఫ్ఘన్ స్త్రీల కష్టాల గురించి మాట్లాడింది. తీసిన దృశ్యాలు రావా స్త్రీలవి, వాటితో యుద్ధాన్ని సమర్థించుకున్నది మరొకరు. రావా మాత్రం బాంబుల వల్ల స్వేచ్ఛ రాదంది, తాలిబాన్ బదులు గద్దెనెక్కుతున్న ఉత్తర కూటమి నాయకుల చేతులకూ స్త్రీల నెత్తురంటిందని అంది. ఆ మాట వినడానికి అప్పుడు ఎవరికీ తీరిక లేదు. 2021 ఆగస్టులో తాలిబాన్ తిరిగొచ్చారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలు మూశారు. 2024 ఆగస్టు నాటి చట్టం బయట ఆడదాని గొంతు వినపడడాన్నే తప్పు చేసింది. ఆ స్త్రీలు మాత్రం కాబూల్ వీధుల్లోకి వచ్చి రొట్టె, పని, స్వేచ్ఛ అన్నారు. కొట్టించుకున్నారు, జైలుకెళ్ళారు. ఇళ్ళలో తరగతులు మళ్ళీ మొదలయ్యాయి.

మన పాత చరిత్రకూ దీనికీ ఉన్న తేడా నేను మరవను. గోదావరిలో కళావంతుల తలుపులు మూయించింది సంస్కరణ, కాబూల్‌లో బడి తలుపులు మూయించింది సంస్కరణకు బద్ధ విరోధి. ఒకటి బాల్యంలోనే బలయ్యే పిల్లలను ఆపాలనుకుంది, మరొకటి పిల్లల చదువునే ఆపింది. ఈ రెండూ సమానమని ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ రెండు చోట్లా నిర్ణయం స్త్రీల మేలు పేరుతోనే జరిగింది. రెండు చోట్లా ఆ స్త్రీలను అడగలేదు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన అడగనవసరం లేదనుకోవడమే సంస్కర్తల దగ్గర మనం నేర్చుకోకూడనిది. రావా దగ్గర నేర్చుకోవలసింది, మిత్రులైనా సరే మన పేరుతో మాట్లాడితే ఆగమని చెప్పడం.

*

ఈ ఇబ్బంది కాంగ్రెస్‌తో ఆగిపోలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్ళకు గుర్తుంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు పట్టిన, డెన్లు కాపాడిన స్త్రీలను పోరాటం ముగియగానే ఇళ్ళకు వెళ్ళమన్నారు. ఆ స్త్రీలు తమ మాట తాము చెప్పుకోవడానికి ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. అదీ మరికొందరు స్త్రీలు టేపు రికార్డరు పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగితే. స్త్రీవాదులనూ ఇదే ప్రశ్న వదల్లేదు. మీ ‘మనం’లో మేమున్నామా అని దళిత స్త్రీలు అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ ఆ ప్రశ్నకు వాళ్ళు తమంత తాము చెప్పుకున్న జవాబు.

అయినా నాకు నిరాశ లేదు. కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితం చూడండి. కమ్యూనిస్టు ఉద్యమంలో అజ్ఞాతంలో తిరిగింది, పాటలు పాడింది. భర్త వదిలి వెళ్ళాక, ముప్ఫై అయిదేళ్ళు దాటిన వయసులో మెట్రిక్ చదవడానికి వెళ్ళింది. ఎక్కడికి? కాంగ్రెస్ మనిషైన దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభకు. ఆ చదువుతో కాకినాడలో పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం చేసి తన బతుకు తాను బతికింది. 2012లో ‘నిర్జన వారధి’ రాసినప్పుడు ఆమెకు తొంభై నాలుగేళ్ళు. జెండాలు ఎదురుబొదురుగా నిలబడ్డ రోజుల్లో కూడా ఒక స్త్రీ కట్టిన బడి మరొక స్త్రీకి ఆసరా అయింది. ఆ బడి చేరిన మనిషిని నీ పార్టీ ఏది, నీ గతం ఏమిటి అని అడిగి వెనక్కి పంపలేదు. అందుకే ఆ సాయం సాయంగా నిలిచింది.

మీనా సంఘం కూడా బడితోనే, పత్రికతోనే నిలబడింది. ఉపన్యాసాలు గాలికి పోతాయి. సభ్యత్వ పుస్తకాలు చెదలు తింటాయి. అక్షరం నేర్చిన ఆడపిల్ల మిగులుతుంది, ఆమె తన మాట తాను రాసుకుంటుంది. కాకినాడ సభకు డబ్బిచ్చిన స్త్రీలకు అక్షరం ఉంది. అయితే వాళ్ళ అక్షరాన్ని అచ్చువేసే పత్రిక ఆ రోజున డెల్టాలో లేదు. వాళ్ళు చదివిందీ రాసిందీ చదువు కాదన్న ఒప్పందం మీదే మన స్త్రీల పత్రికలు బతికాయి.

ఇది గతం అని పక్కన పెట్టేద్దామంటే కుదరదు. ఇవాళ ఇదే డెల్టా నుంచి, కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళుతున్నారు. ఈసీఆర్ ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీ ఆ పనికి వెళ్ళకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆమె రక్షణ కోసమే. ఆ నిబంధనకు భయపడి పేదరికం ఆగదు కాబట్టి, ఆమె ఏజెంటు చేతిలో పడి సందర్శకుల వీసా మీద వెళుతుంది. అక్కడ ఏదైనా జరిగితే చట్టం ముందు ఆమె పనిమనిషిగా కూడా లేదు. 1956లో మేళం మీద పెట్టిన నిషేధానికీ దీనికీ పోలిక నాకు కనిపిస్తుంది. ఆమెను కాపాడాలన్నారు, ఆమెకు పని చూపించలేదు, ఆమెను అడగలేదు.

2025 అక్టోబరు 10న తాలిబాన్ విదేశాంగ మంత్రి ఢిల్లీలో పత్రికల వాళ్ళతో మాట్లాడినప్పుడు స్త్రీ విలేకరులను లోపలికి పిలవలేదు. గొడవైతే రెండు రోజులకు మళ్ళీ సమావేశం పెట్టి పిలిచారు. ఆ రెండో సమావేశంలో మన అమ్మాయిలు ముందు వరసలో కూర్చుని ఆఫ్ఘన్ ఆడపిల్లల చదువు గురించి అడిగారు. అడగవలసిందే. అదే పట్టుదలతో, గల్ఫ్ వలసల మీద రాజమండ్రిలోనో కాకినాడలోనో సదస్సు జరిగినప్పుడు, వేదిక మీద ఆ విమానం ఎక్కి దిగిన స్త్రీ ఒక్కతైనా ఉందా అని కూడా అడగాలి. లేకపోతే మైకు ఆమెకు అందేదాకా సదస్సు మొదలుపెట్టనక్కరలేదు.